వంటింట్లోంచి వెళ్లే రోడ్డు

మ్యాపులో ఆ నీలి గీత
ఫింటన్ మల్డెరిగ్ వంటింట్లోంచి పోతుంది.
సరిగ్గా చెప్పాలంటే
పొయ్యి ఎడమ పక్కనుంచి లోపలికొచ్చి
కుక్క పడుకునే మూలలోంచి బయటికి.
పందొమ్మిదేళ్ల కిందట చర్చి హాల్లో బల్ల మీద పరిచి చూపించారు.
టీ ఇచ్చారు, బిస్కెట్లు ఇచ్చారు,
అభ్యంతరాలు రాయడానికి పెన్సిళ్లు కూడా ఇచ్చారు.
ఫింటన్ ఏమీ రాయలేదు.
పెన్సిల్ మాత్రం జేబులో వేసుకొచ్చాడు.

నేను స్కూలు బస్సు నడుపుతాను.
కిల్‌డరీన్ నుంచి బల్లీకోరా దాకా పద్దెనిమిది కిలోమీటర్లు.
పచ్చ బోర్డు మీద పేరు జాతీయ రహదారి.
ఎదురుగా పాల ట్యాంకరొస్తే
ఇద్దరిలో ఒకరు ముళ్లపొదలోకి ఒదగాలి.
హన్లన్ మలుపు దగ్గర పిల్లలు అల్లరి ఆపేస్తారు.
నేను చెప్పను, వాళ్లకే తెలుసు.
అక్కడ రాతిగోడకి ప్లాస్టిక్ పువ్వులు మూడు గుత్తులు.
మూడోది మా చెల్లెలి కొడుకుది.
వాడి గురించి ఇక్కడ ఇంతే.

రోడ్డొస్తుందని
ఫింటన్ ఇంటికప్పు మార్చలేదు.
కూలగొట్టే ఇంటికి కొత్త పలకలెందుకన్నాడు.
కిటికీ చెక్క పుచ్చితే అట్టముక్క అడ్డం పెట్టాడు.
ఆపిల్ మొక్కలు నాటుదామని డింప్నా అంటే
కాపుకొచ్చేసరికి లారీల కింద ఉంటాయిలే అన్నాడు.
ఆ మాట ఆమెకి ఆఖరి దాకా గుర్తుంది.
ఆసుపత్రి మంచం మీద నన్నడిగింది,
"వచ్చారా, గుంజలు పాతేవాళ్లు?"

వచ్చారు. పాతారు. మూడుసార్లు పాతారు.
మొదటివి ఎర్రరంగువి, వానకి చివికి పడిపోయాయి.
రెండోవి గొర్రెలు వీపు గోక్కోవడానికి పనికొచ్చాయి.
మూడోవాటి మీద నంబర్లున్నాయి.
వాటిని ఫింటన్ చలికాలం పొయ్యిలో పెట్టాడు,
నంబరు వరసలోనే.

అతని తమ్ముడి కూతురు ఓర్లా ఇల్లు కట్టుకుంటానంటే
గీతకి అటూ ఇటూ నూటయాభై మీటర్ల దాకా
ఏదీ లేపకూడదన్నారు.
కోళ్లగూటిక్కూడా అనుమతి లేదు.
ఇద్దరు పిల్లలతో ఇప్పటికీ కారవాన్‌లోనే ఉంటోంది,
రాని రోడ్డుకి దారి వదిలి.

ఎన్నికలప్పుడు ఒకాయన గంబూట్లేసుకొని వచ్చి
మలుపులో నిలబడి ఫొటో దిగుతాడు.
బూట్లు ప్రతిసారీ కొత్తవే.
తర్వాత నిధులంటారు, గబ్బిలాలంటారు, నివేదికంటారు,
మళ్లీ నిధులంటారు.
నుదుటి రాతైతే ఒక్కసారే రాస్తారు.
ఇది అయిదేళ్లకోసారి రాస్తారు,
పెన్సిల్‌తో.

ఫిబ్రవరిలో డబ్లిన్ నుంచి ఉత్తరం వచ్చింది.
"ప్రస్తుత ప్రణాళికా కాలంలో ముందుకు తీసుకెళ్లడం లేదు."
నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.
రద్దయిందా అన్నాడు. కాలేదన్నాను.
అయితే ఉందా అన్నాడు. అదీ లేదన్నాను.
చాలాసేపు పొయ్యి ఎడమ పక్కకి చూస్తూ కూచున్నాడు,
రావలసిన చుట్టం గుమ్మం దాకా వచ్చి
వెనక్కి తిరిగిపోయినట్టు.

శనివారం నా కార్లో ఊళ్లోకొచ్చి
పసుపు రంగు రెండు డబ్బాలు కొన్నాడు.
గంటసేపు ఎంచాడు. ఇది డింప్నాకి నచ్చేది కాదు అని
అదే కొన్నాడు.
డెబ్బైయారేళ్ల మనిషి నిచ్చెనెక్కాడు.

సగం గోడ అయ్యేసరికి
మంగళవారం పొద్దున
మెరిసే కోట్లలో ఇద్దరు కుర్రాళ్లు వ్యాను దిగారు,
మూడుకాళ్ల యంత్రంతో.
కొత్త సర్వే అట.
గీత కాస్త జరగొచ్చట, ఎటన్నది వాళ్లకీ తెలీదు.
మొదటి గుంజ పాతిన ఏడు
వాళ్లింకా బడి మొహం చూసుండరు.

ఫింటన్ కిందికి దిగలేదు.
"ఊరికే నిలబడే బదులు ఈ నిచ్చెన పట్టుకోండి" అన్నాడు.
ఒకడు పట్టుకున్నాడు.
రెండోవాడు యంత్రం వైపు చూసి, గోడ వైపు చూసి,
రంగు డబ్బా అందించాడు.

నాకు అప్పటికే ఆలస్యమైంది.
బస్సు కదిలినా పిల్లలు అద్దాలకి అతుక్కుపోయి
ఆ పసుపు గోడ గురించి ఒకటే గోల,
హన్లన్ మలుపు వచ్చేదాకా.